క్రిందికి దించిన కారు – లింకుల సవరణ

మీ యూరి వీధులలో నిలిచియుండు కార్లను మీరు నిత్యము చూచుచునే యున్నారు. వానిలో గొన్ని యీ నడుమ నేల నంటుకొని ప్రాకుచున్నట్లు కానవచ్చును. చక్రమునకును పైరేకునకును నడుమ పిడికిలి పట్టవలసిన చోట రెండు వ్రేళ్లయినను పట్టవు. కారు పాతబడి క్రుంగుటచేత నట్లయినది కాదు. కుఱ్ఱవారు కావలెననియే అసలు స్ప్రింగులను తీయించి, పొట్టి స్ప్రింగులను వేయించుకొనుచున్నారు. అందమునకని కొందఱు, మలుపులలో కారు ఒరగకుండునని కొందఱు చెప్పుదురు. దానికగు సొమ్ము మాత్రము తఱచుగా మీ చేతినుండియే పోవును. వెనుక సీటులో కూర్చుండువారును మీరే. అందుచేత నీ సంగతిని మీతో ముచ్చటించుట మంచిదని నాకు తోచినది.

నేను నలువది యేండ్లు మోటారు బండ్ల మరమ్మతు పనిలో నుండినవాడను. స్ప్రింగులు మార్చుట యందఱకును కనబడు పని. దాని వెంట కనబడని పని యొకటి కలదు. ముందు చక్రముల లోపలివైపున, ఒక్కొక్క ప్రక్క నించుమించు జానెడు పొడవు గల ఇనుప ముక్క యొకటి వ్రేలాడుచుండును. దానిని షాపులలో స్టెబిలైజరు లింకు అని గాని, ఉత్త లింకు అని గాని అందురు. కారును దించినప్పుడు ఆ లింకు పొడవును సరిచూడవలెను. సరిచూడనిచో నేమగునో నేను పుస్తకములో చదివి తెలిసికొనలేదు. నా చేతులతో తప్పు చేసి తెలిసికొంటిని. ఆ కథ చెప్పుటకు ముందు లింకు చేయు పని యెట్టిదో చెప్పవలెను.

ఎద్దుబండికి స్ప్రింగులు లేవు. ఇరుసు మీదనే పెట్టె కూర్చుండును. గతుకు వచ్చినప్పుడు మన నడుము విఱుగును గాని, మలుపు తిరుగునప్పుడు పెట్టె ఇరుసును విడిచి ఒరగదు. జట్కాబండికి కమాను పట్టీలు వేసిరి. కుదుపు తగ్గినది, కాని గుఱ్ఱము వడిగా మలుపు తిరిగినప్పుడు జట్కా వెలుపలివైపునకు వాలెడిది. జట్కా నెక్కినవారి కిది జ్ఞాపకముండును. మెత్తదనము కోరినచో ఒరుగుట తప్పదు. ఒరుగుట వలదన్నచో కుదుపు తప్పదు. మోటారు కార్లు వచ్చిన తొలి దినములలో నీ చిక్కే యుండెడిది.

దానిని విడదీసిన సాధనము స్టెబిలైజరు కడ్డీ. కెనడా దేశమున ఫ్రెడరిక్టన్ పట్టణమునకు చెందిన స్టీఫెన్ కోల్‌మన్ అనునాతడు 1919లో దీనికి పేటెంటు పొందెను. చూచుటకు నది యతి సామాన్యమైన వస్తువు. స్ప్రింగు ఉక్కుతో చేసిన గుండ్రని కడ్డీని రెండు కొనలయందును వంచి, పల్లకీ బొంగువలె కారు అడుగున అడ్డముగా నుంచుదురు. నడుమ భాగమును రెండు రబ్బరు బుష్షులలో నుంచి కారు పెట్టెకు బిగింతురు. వంగిన రెండు చేతుల కొనలను లింకుల మూలమున రెండు చక్రముల వైపునకును కలుపుదురు.

రెండు చక్రములును ఒక్కసారిగా గతుకు మీదికి లేచినప్పుడు కడ్డీ తన బుష్షులలో, గిలక ఇరుసు తిరిగినట్లు, తేలికగా తిరుగును. ఏ యడ్డమును చెప్పదు. ఒక చక్రము లేచి రెండవది లేవనప్పుడు మాత్రము కడ్డీ ఒక కొన పైకిని ఒక కొన క్రిందికిని పోయి, తడిసిన పంచెను పిండునప్పుడు వలె మెలిపడును. పంచె మెలికకు లొంగును, ఉక్కు లొంగదు. అది తిరిగి చక్కబడవలెనని పెనుగులాడును. ఆ పెనుగులాటయే కారును ఒరగకుండ పట్టియుంచు బలము. కడ్డీ లావును బట్టి యా బలము మిక్కిలి త్వరగా పెరుగును. 20 మిల్లీమీటర్ల కడ్డీకి బదులు 24 మిల్లీమీటర్లది వేసినచో మెలికకు ఎదురొడ్డు శక్తి రెండింతలకు మించును. ఏలయన లావును నాలుగు మార్లు హెచ్చవేసి లెక్క చూడవలెను.

1950లో ఇంగ్లండులో వచ్చిన ఫోర్డు కాన్సల్ కారులో ఈ కడ్డీ కొనలకు వేఱుగా లింకులు లేవు. కడ్డీ కొనయే క్రింది ఆర్మునకు బిగింపబడి, చక్రము ముందువెనుకలకు జరగకుండ కూడ కాచెడిది. మన దేశమున 1983లో వచ్చిన మారుతి 800 కారు ముందుభాగమును విప్పి చూచినవారికి ఈ పద్ధతి తెలియును. ఆ కారుల పని మీద చేయి తిరిగిన మా వంటి వారికి లింకును సవరించుట యను పని యలవాటు లేదు. తరువాతి కార్లలో లింకు వేఱయినది. నా పొరపాటునకు మూలము కొంత యిదియే కావచ్చును.

ఇక కారును దించినప్పుడు జరుగు సంగతి. 40 మిల్లీమీటర్లు దించిరనుకొందము. చక్రములు నేలమీదనే యున్నవి. పెట్టె మాత్రము దిగినది. పెట్టెకు బిగించిన కడ్డీ నడుము దానితో గూడ దిగినది. కడ్డీ కొనలు చక్రముల వైపు కట్టుబడి యుండుటచే మీదనే నిలిచిపోయినవి. కడ్డీ చేయి పొడవు 200 మిల్లీమీటర్లయినచో, అది మునుపు నిలిచిన తీరుకన్న 11 డిగ్రీలకు మించి పైకెత్తుకొని నిలుచును. రెండు ప్రక్కలను సమముగా నెత్తుకొనుటచే కడ్డీకి మెలిక పడదు. ఈ మాటను గుర్తుంచుకొనుడు. చాలమంది యిక్కడనే పొరపడుదురు. కారును దించినంత మాత్రమున కడ్డీ మెలిపడదు. అది యుండవలసిన చోటు తప్పును, అంతే. చోటు తప్పిన చేయి, చక్రమునకు బలము నందించు షాఫ్టునకో, స్టీరింగు రాడ్డునకో, అడుగు చట్రమునకో తగులవచ్చును. నిట్టనిలువుగా నుండవలసిన లింకు వాలును. లింకు కొనలయందలి బాల్ జాయింటు వంగగలిగినంత వఱకు ముందే వంగిపోయినచో, పెద్ద గతుకులో ఇంక వంగుటకు దానికి చోటుండదు. అప్పుడు టకటక మని చప్పుడు పుట్టును. కొన్నాళ్లకు జాయింటు ఊడును.

అందుకే పొడవు మార్చుకొనుటకు వీలైన లింకులు వచ్చినవి. నడుమ నొక కడ్డీ, దాని రెండు కొనలయందును మరలు. ఒక మర కుడి చుట్టు, రెండవది ఎడమ చుట్టు. నడిమి కడ్డీని ఒకవైపు త్రిప్పినచో రెండు కొనలును దూరమగును. మఱియొకవైపు త్రిప్పినచో దగ్గరగును. మర చుట్టునకును చుట్టునకును ఎడము 1.25 మిల్లీమీటర్లయినచో, ఒక్క నిండు చుట్టునకు లింకు పొడవు 2.5 మిల్లీమీటర్లు మారును.

దించిన కారునకు పొట్టి లింకు వేయవలెనని షాపులలో నొక నానుడి యున్నది. అది సగమే నిజము. లింకు కడ్డీ కొననుండి క్రిందికి దిగి, క్రింది ఆర్మును పట్టుకొను కార్లున్నవి. వానిలో ఆర్ము పైకి వచ్చి లింకును పైకి నెట్టును గనుక, లింకును పొట్టి చేసిన కడ్డీ చేయి తన చోటికి దిగును. కాని లింకు కడ్డీ కొననుండి పైకి పోయి, షాకబ్జరు స్తంభమును పట్టుకొను కార్లు నేడు చాల కలవు. వానిలో స్తంభము పైకి వచ్చి కడ్డీ కొనను పైకి లాగును. అచ్చట లింకును పొడుగు చేసినగాని చేయి దిగదు. పొట్టి చేసినచో మఱింత లేచును. కావున మొదట కారు క్రింద చూడవలసినది లింకు ఏ వైపునకు పోవుచున్నదను సంగతి. ఎంత అనునది ఆ మీదట, కడ్డీ చుట్టునున్న వస్తువుల ఎడములను చూచి నిర్ణయించుకొనవలెను. పది పదునైదు మిల్లీమీటర్లు మాత్రమే దించిన కారునకు అసలు లింకులే సరిపోవచ్చును. వానిని ముట్టుకొననే యక్కఱలేదు.

ఇప్పుడు నా కథ. మా అక్కకు ఒక్కడే కొడుకు. వాడు తన చిన్న కారును 40 మిల్లీమీటర్లు దించుకొని, సవరించు లింకులను కొని, ఒక సాయంకాలము నా యింటికి వచ్చెను. “మామయ్యా, బయట షాపులో ఇస్తే రెండు రోజులు పెట్టుకుంటారు. నువ్వయితే గంటలో బిగిస్తావు” అనెను. పొగడ్తకు పొంగని మేస్త్రీ లేడు. నేను పానాలు తీసితిని.

జాకీ నెత్తి ఎడమ చక్రమును మాత్రము పైకి లేపితిని. కుడి చక్రము నేలమీద నున్నది. పాత లింకును విప్పబోగా, తుది మర వదలిన క్షణమున కడ్డీ కొన విల్లువలె ఎగిరి నా చూపుడు వ్రేలిని నొక్కివేసెను. మెలిపడియున్న ఉక్కు అది. వ్రేలు మిగిలినదే గొప్ప. అప్పుడైనను నాకు బుద్ధి రావలసినది. గుడ్డ చుట్టుకొని పని సాగించితిని. క్రొత్త లింకు స్తంభమునందలి రంధ్రములోనికి రాలేదు, పొడుగైపోయినది. చక్రము గాలిలో వ్రేలాడుచు స్తంభము క్రిందికి దిగి యుండుటచే నట్లయినదని యాలోచింపక, లింకును నాలుగు చుట్లు పొట్టి చేసి, గడ్డపారతో కడ్డీని ఒత్తి, మరను దూర్చితిని. లింకు లొంగినదని సంతోషించితిని. కుడి ప్రక్కది పాత లింకు కొలతకే బిగించితిని. అనగా ఒక ప్రక్కకన్న నొక ప్రక్క 10 మిల్లీమీటర్లు తక్కువ.

కారు నేలమీదికి దిగిన పిమ్మట కడ్డీ కదలక నిలిచియున్నను మెలిపడియే యుండెను. ఎడమ కొనను పొట్టి లింకు పైకి లాగుచున్నది. కడ్డీ యెడమ చక్రమును నేలకదుముచు, కుడి చక్రమును తేలిక చేయుచున్నది. సమముగా నుండవలసిన బరువు పంపకము తప్పినది. తిన్నని బాటలో వాడు దీనిని గుర్తింపలేదు. మెత్తగా పోవుచున్నదనియే చెప్పెను.

నాలుగవ నాడు మా అక్కను వెనుక కూర్చుండబెట్టుకొని కృష్ణ కరకట్ట మీదుగా వచ్చుచుండిరి. నేను ముందు సీటులో నుంటిని. కరకట్ట బాట యెట్టిదో ఆ ప్రాంతము వారెఱుగుదురు. వంపు మీద వంపు. ఎడమ వంపులలో కారు ఒక తీరుగను, కుడి వంపులలో వేఱొక తీరుగను మలగుచున్నదని నాకు కూర్చున్న చోటనే తెలిసినది. చెప్పుదునని నోరు తెఱచునంతలో గడ్డి ట్రాక్టరు ఒకటి ఎదురైనది. వాడు ఎడమకు తప్పించి, మఱల కుడికి త్రిప్పెను. ముందు చక్రములు ఇసుకలో పట్టు విడిచినవి. కారు కరకట్ట అంచునకు రెండు గజముల దూరమున నిలిచెను. దిగువన ఏటి లంక.

బాట మీద ఇసుక యున్నది, వాడు వడిగా పోవుచుండెను, ఇవియు నిజమే. కాని రెండు చక్రముల పట్టు సమముగా నుండినచో కారు మాట వినియుండెడిదని నేను నేటికిని తలంతును. మా అక్క కొంతసేపు మాటాడలేదు. తరువాత, “తమ్ముడూ, ఈ బండి నువ్వే బాగుచేశావా?” అని యడిగెను. నేను అవుననితిని.

మఱునాడు విజయవాడ ఆటోనగరులో నాకన్న ఇరువదియేండ్లు చిన్నవాడైన యొక మేస్త్రీ చెంత నిలిచి యీ పనిని మొదటినుండి నేర్చుకొంటిని. అతడు చేసిన తీరు చెప్పుదును. మీ వారి కారును బాగుచేయించునప్పుడు ఈ తీరుననే చేయుచున్నారో లేదో ప్రక్కన నిలిచి చూడవచ్చును.

అతడు మొట్టమొదట నేలను చూచెను. తాపీవారు వాడు నీటి గొట్టముతో నాలుగు చక్రముల చోట్లును ఒక మట్టముననున్నవని తేల్చుకొనెను. నాలుగు టైర్ల గాలిని కొలత ప్రకారము పట్టెను. తోలువాని సీటులో 25 కిలోల బియ్యపు బస్తాలు మూడు పెట్టెను. ఎప్పుడును ఒక్కడే తోలుకొని పోవు కారు గనుక నా బరువు చాలునని, నలుగురితో పోవు కారయినచో బరువు వేఱుగా పెట్టుదుననియు చెప్పెను. తరువాత కారును ముందు వెనుకలకు నాలుగడుగులు త్రోసి, రెండు కొనలయందును ఒత్తి వదలెను. జాకీ మీదినుండి దించిన కారు వెంటనే తన నిజమైన యెత్తున నిలువదు. చక్రములు కొంచెము దొర్లినగాని స్ప్రింగులు కుదురుకొనవు. పని యంతయు కారు తన చక్రముల మీద తాను నిలిచియుండగా, గొయ్యిలో దిగి చేసెను. జాకీని ముట్టుకొననే లేదు. జాకీ మీద మాత్రమే నిలిపిన కారు క్రిందికి ఎవ్వరు దూరబోయినను మీరు కాలుపట్టి వెనుకకు లాగుడు.

లింకులు రెండింటిని విప్పి, ప్రక్కప్రక్కన బెట్టి, సమమైన పొడవునకు త్రిప్పెను. కడ్డీ చేతులు దేనికిని తగులక, లింకులు వీలయినంత నిలువుగా నిలుచునట్లుగా నా పొడవును ఎంచుకొనెను. కుడి లింకును ముందు బిగించెను. ఎడమ లింకును క్రింది కొనయందు మాత్రము బిగించి, పై కొనను రంధ్రము దగ్గరకు తెచ్చెను. అసలు పరీక్ష ఇక్కడనే యున్నది. మర వ్రేళ్లతో త్రోయగనే రంధ్రములోనికి పోవలెను. గడ్డపార యక్కఱ పడినచో, సుత్తి యక్కఱ పడినచో, లింకు పొడవు తప్పు. మా కారులో వ్రేలి మందమంత ఎడము కూడ లేకుండ వచ్చినది కాని రంధ్రమునకు సూటిగా రాలేదు. అతడు ఎడమ లింకును మాత్రము అరచుట్టు త్రిప్పెను, మఱి యొక అరచుట్టు త్రిప్పెను. మర తనంతట జాఱినట్లు లోనికి పోయెను. కడ్డీ మెలిక లేక నిలిచినదనుటకు అదియే సాక్ష్యము. సమతలమున నిలిచిన కారులో ఆ కడ్డీ యేమియు చేయకుండుటయే దాని సరియైన స్థితి.

అట్లయిన రెండు లింకుల పొడవు తుదకు కొంచెము తేడాగా నున్నను చింతలేదు. స్ప్రింగులలో, చట్రములో సహజముగా నుండు తేడా నది సర్దును. తేడా వ్రేలెడైనచో మాత్రము వేఱొకచోట దోషమున్నది. స్ప్రింగు సరిగా కూర్చుండియుండదు, లేదా కారు ఎప్పుడో దెబ్బతిని యుండును.

బిగించుటలో రెండు మెలకువలు. బాల్ జాయింటు నట్టును బిగించునప్పుడు లోని మరయు దానితో గూడ తిరుగును. దాని నడుమ గుంటలో ఎలన్ కీ పెట్టి పట్టుకొని పానాతో నట్టును త్రిప్పవలెను. లేనిచో రబ్బరు తొడుగు చిరిగి లోనికి దుమ్ము పోవును. రెండవది, లింకు కొన మర నడిమి కడ్డీలోనికి చాలినంత దిగియుండవలెను. 10 మిల్లీమీటర్ల మరయైనచో 15 మిల్లీమీటర్లయినను లోపల నుండవలెనని మా వాడుక. పొడుగు కావలెనని చివర మూడు చుట్ల మీద వ్రేలాడదీసిన లింకును నేను చూచితిని. అది లింకు కాదు, గండము. నట్టుల బిగువు ఎంతయో కారు పుస్తకములోను లింకు కాగితములోను వ్రాసియుండును. దానికి కొలత పానా కలదు.

ఆ మీదట అతడు స్టీరింగును కుడికి తుదివఱకు, ఎడమకు తుదివఱకు త్రిప్పించి, లింకు బ్రేకు గొట్టమునకు గాని షాఫ్టునకు గాని తగులుచున్నదేమో దీపము పెట్టి చూచెను. తరువాత నొక్కొక్క చక్రమును పలక మీదికి ఎక్కించి మఱల చూచెను. ఇది విడువరాని పని. నిలిచిన కారులో తగులనిది గతుకులో తగులవచ్చును.

కారును దించుటను గూర్చియే నా యభిప్రాయమడుగుదురేమో. మన బాటలకు నేను దానిని మెచ్చను. నియమము ప్రకారము కట్టిన స్పీడు బ్రేకరే 10 సెంటీమీటర్ల ఎత్తు. మన యూళ్లలో నియమము ప్రకారము కట్టినవి యెన్నియో మీరే యెఱుగుదురు. 17 సెంటీమీటర్ల ఎడము గల కారును 4 సెంటీమీటర్లు దించి, నలుగురు కూర్చున్నచో మిగులునదేమి? చట్టము సంగతియు నున్నది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను ప్రకారము, కారు కట్టినవారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చుటకు వీలులేదు. సుప్రీముకోర్టు 2019లో దీనిని గట్టిగా చెప్పినది. కావున సొమ్ము చెల్లించుటకు ముందు రవాణా కార్యాలయమున విచారించి రండని మీ వారికి చెప్పుడు. కాని దించియే వేసిన కారు మీ యింట నున్నచో, లింకులను సరిచూడక దానిలో నెక్కకుడు.

చప్పుడును గుర్తించుట మీ చేతిలోని పని. చిన్న చిన్న గతుకుల మీద మెల్లగా పోవునప్పుడు ముందు చక్రము దగ్గఱ టకటక మనిన, మొదట లింకునే అనుమానింపవలెను. నిలిచిన కారులో లింకును చేతబట్టి గట్టిగా ఊపి చూచినచో అరిగిన జాయింటు తెలియును. ఖాళీ మైదానమున ఒకే వడితో కుడికొక చుట్టు, ఎడమకొక చుట్టు మెల్లగా త్రిప్పించి చూడుడు. రెండు చుట్లును ఒక్క తీరుగా లేనిచో, లింకులలో నొకటి పొడవు తప్పియుండవచ్చును.

మా మేనల్లుని కారునకు పని ముగిసిన పిమ్మట ఆ మేస్త్రీ ఒక చిన్న కుంచెతో లాకు నట్టు మీదినుండి కడ్డీ మీదికి తెల్లరంగు గీత యొకటి అడ్డముగా గీసెను. నట్టు ఏమాత్రము వదులైనను గీత రెండు ముక్కలై కనబడును. రెండువందల కిలోమీటర్లు తిరిగిన పిమ్మట చూడుమని చెప్పెను. వాడు చూచెనో లేదో గాని, మా అక్క మాత్రము కారెక్కుటకు ముందు నన్ను పిలిచి, “ఆ గీత ఒకటిగానే ఉందా?” అని యిప్పటికిని అడుగుచున్నది. నేను వంగి చూచి చెప్పుచున్నాను.